నేను చదివిన వాగ్దానం కార్డు

మా చర్చిల జనవరి ఒకటో తారీఖు పొద్దున ఆరాధన అయిపోయినంక వెదురు గంప ఒకటి ముందట పెడతరు. అండ్ల చిన్న చిన్న కార్డులుంటయి. ఒక్కో కార్డు మీద ఒక్కో వాక్యం. ఇంటికొకరు పోయి, కండ్లు మూసుకొని ఒకటి తీసుకోవాలె. చేతికి ఏదొస్తే అదే ఆ ఏడాదికి దేవుడు ఆ ఇంటికిచ్చిన వాగ్దానం. దాన్ని అద్దం మూలకో, క్యాలెండర్ సందులనో పెట్టుకొని ఏడాదంత దాని మీదనే బతుకుతరు. బోరు ఎండిపోయినా, బర్రె సచ్చినా "మనకు వాగ్దానమున్నది గదా" అంటరు. నాకు గీ పద్ధతి అంటే మొదటి నుంచి చిరాకే. లాటరీ తీసినట్టు ఇదేంది అనేదాన్ని. అమ్మ నా నెత్తి మీద ఒక్కటి మొట్టేది.

తెలంగాణ వచ్చిన రెండు మూడేండ్లకు, ఒక ఏడు మా ఇంటి తరఫున గంపల చెయ్యి పెట్టింది నేనే. అమ్మ, బాపు ఇద్దరు నల్లగొండ దవాఖానల ఉండిరి.

బాపుకు డిసెంబర్ రెండో వారంల పక్షవాతం వచ్చింది. పొద్దున ముఖం కడుక్కుంట కడుక్కుంట పడిపోయిండు. కుడి కాలు, కుడి చెయ్యి పోయినయి. అవన్ని ఒకెత్తు, నోరు పడిపోవుడు ఒకెత్తు. "ఆ... ఆ..." అనుడు తప్ప ఒక్క మాట లేదు.

బాపు నోరంటే ఏందో చెప్పాలె. ఆయన చిన్నప్పుడు పటేల్ ఇంట్ల బర్లు కాసుకుంట జీతమున్నడు. బడి మొఖం చూడలే. పెండ్లయినంక, నేను పుట్టినంక, చర్చిల పొద్దుగూకినంక పెద్దోళ్లకు నడిపే బడిల కూసొని అక్షరాలు నేర్సుకున్నడు. ఇగ నేర్సుకున్నంక అదొక పిచ్చి. బస్సు మీది బోర్డు, పురుగుల మందు డబ్బా, మేళ్లచెరువు దిక్కుకెళ్లి వచ్చిన సిమెంటు సంచి, ఏది కనబడ్డా నిలబడి గట్టిగ చదివేటోడు. కొసకు సంచి బరువు ఎన్ని కిలోలో గూడ చదివినంకనే కదిలేటోడు. నాకు సిగ్గయ్యేది. "బాపూ, గది మనకెందుకే, నడువు" అనేదాన్ని. "రాసిపెట్టింది చదువకుంట పోతమా పిల్లా" అనేటోడు.

క్రిస్మస్ పొద్దున యేసయ్య పుట్టిన అధ్యాయం చదివేది మా చర్చిల బాపే. ఇరవై ఏండ్లకెల్లి ఆయనదే ఆ పని. పాస్టర్లు మారిండ్రు, కప్పు మారింది, మైకు వచ్చింది, బాపు మారలే. అమ్మకు చదువు రాదు. పొద్దుగూకంగనే ఆమె గడప కాడ బియ్యం ఏరుకుంట కూసునేది, ఈయన పెద్దగ వాక్యం చదివి వినిపిచ్చేటోడు. ఆ చదువుడు వినుకుంటనే నేను పెరిగిన. నేను దేవరకొండల దుకాణం పెట్టి బట్టలు కుడత, ఇంట్ల గూడ ఒక మిషనున్నది. మొగుడనేటోన్ని ఇడిచిపెట్టి వచ్చి అమ్మ బాపుల కాడనే ఉండవడితి. నాకు ముక్కు మీదనే కోపమని ఊరంత పేరు. పెట్టిన పేరు తప్పేం గాదు.

ఆ జనవరి ఒకటిన గంపల చెయ్యి పెట్టంగనే, నా జన్మల మొదటిసారి, ప్రార్థన చేసిన. మంచిది రావాలె, బాపు మంచిగైతడని రావాలె అని. నా ముందట తీసినామెకు స్వస్థత వచ్చింది, ఆమెకు జలుబు గూడ లేదు. నాకొచ్చిన కార్డు తిప్పి చూసిన. ధైర్యంగుండు, దేవుని కోసం కనిపెట్టుకొని ఉండు అని ఉన్నది. అంతే. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇరవై రోజులకెల్లి మేం ఇంకేం చేస్తున్నం? దవాఖాన వరండాల గోడకు ఒరిగి కనిపెట్టుకొనే గదా ఉన్నం! గంప కాడనే చించి పారేద్దామనిపిచ్చింది.

ఆ మధ్యాహ్నం దవాఖానకు పోయిన. అమ్మ అప్పుడే బాపును తుడిచి, పక్కబట్ట మార్చి, చేతులు కొంగుకు తుడుచుకుంటున్నది. నన్ను చూడంగనే "వాగ్దానం ఏమొచ్చిందే?" అన్నది. ఇరవై రోజుల సంది నిద్రలేని ముఖం. ఆ ముఖం ముందట పెట్టి "ఓపిక పట్టమన్నడు" అని చదువ బుద్ధి కాలే. డిసెంబర్‌ల పాస్టర్ అయ్యగారు చెప్పిన వాక్యం ఒకటి నా చెవులల్ల ఉండె. గుడిల ధూపం వేసే ముసలాయనకు బిడ్డ పుడతడని దేవదూత చెప్తె నమ్మక, నోరు పడిపోయి, బిడ్డ పుట్టినంక మళ్ల మాట్లాడిండు గదా, ఆ సంగతి. కార్డు చేతిల పట్టుకొని చదివిన:

"నీ పెనిమిటి నోరు తెరువబడును. ప్రభువు పుట్టిన దినమందు అతడు మాట్లాడును."

అబద్ధమాడినా అతికినట్టుండాలె అంటరు. నేను అతికించే పని చేసేదాన్నే గదా, వాక్యం లెక్కనే ఉండాలని కొసకు "ను" తగిలిచ్చిన. క్రిస్మస్ దాక అని ఎందుకు పెట్టిన్నంటే, ఏడాది జాగా దొరుకుతది, ఆలోపల ఆయనకు నయమన్న గావాలె, అమ్మ మర్చిపోవన్న పోవాలె అనుకున్న. అమ్మ నా దిక్కు చూసింది. తర్వాత కార్డు తీసుకొని కండ్లకద్దుకొని "దేవునికి స్తోత్రం" అన్నది. చాయ్ తాగొస్త అని బయటికొచ్చిన.

పది రోజులకు ఇంటికి తెచ్చుకున్నం. అమ్మ ఆ కార్డును బాపు మంచం పక్కన, గోడ మీది క్యాలెండర్ అంచుకు పెట్టింది. నేను అన్నం తింటున్న. ఒక్కసారి మెదడుల మెరుపు మెరిసినట్టు యాదికొచ్చింది: అమ్మకు చదువు రాదు, బాపుకొస్తది! నోట్ల బుక్క నోట్లనే ఆగింది. బాపు కండ్లు తెరుచుకొని కార్డు దిక్కే చూస్తున్నడు. చదువుతున్నడో, ఊరికే చూస్తున్నడో ఎట్ల తెలుస్తది?

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. గిది రాయకుంట పోదామనుకున్న గాని రాస్త. చదివినా చెప్పలేడు గదా, అనుకున్న. బాపు నోరు పడిపోవుడు నాకు ఆ ఒక్క నిమిషం మంచిగనిపిచ్చింది. ఎంత పాపిష్టి మనిషినో సూడుండ్రి. ఆ బుక్క మింగలేక బయటికి పోయి ఉమ్మిన.

మరునాడు ఆ కార్డు తీసి క్యాలెండర్ ఎనుక దాసిన. పొద్దుగూకే వరకు అమ్మ దాన్ని మళ్ల ముందటికి తెచ్చింది. ఇంకో నాలుగు దినాలకు మళ్ల దాసిన, మళ్ల తెచ్చింది. ఇద్దరం దాని గురించి ఒక్క మాట అనుకోలే. దొంగకు తేలు కుట్టినట్టయింది నా బతుకు.

ఇగ ఆ ఏడాదంత ఎట్ల గడిసిందో చెప్తె ఎవరికన్న కోపమొస్తది. బాపుకు అన్నం తినిపిచ్చినప్పుడల్ల అమ్మ "తిను, తిను. క్రిస్మస్‌కు మాట్లాడాలె గదా" అనేది. కాలుచేతులకు తైలం రుద్దుకుంట "క్రిస్మస్‌కు చదువాలె గదా" అనేది. బాపు ఆమె దిక్కు చూసేటోడు. ఒక్కోసారి నా దిక్కు చూసేటోడు. నేను మిషన్ మీద తల వంచుకొని, కుట్టిన కుట్టే మళ్ల కుట్టేదాన్ని. తప్పు చేసినోళ్లు ఏం చేస్తరు? సేవ చేస్తరు. దుకాణం కట్టేసి వచ్చి దినాం బాపు పక్కన కూసొని వాక్యం చదివేదాన్ని. ఆయన ఎడమ చేతి ఏలు అక్షరాల కింద పెట్టుకుంట వచ్చేటోడు. అలసిపోయి ఒక వరస ఎగరగొడితే ఆ ఏలుతోని పుస్తకం మీద టక్కున కొట్టేటోడు. మళ్ల ఎనుకకు పోయి చదివేదాన్ని. ఆదివారం తప్పకుంట చర్చికి గూడ పోవడితి. "నీ బిడ్డ మారింది" అని అందరు అమ్మతోని అంటుంటే నాకు భూమిల పోయినట్టుండేది.

నవంబర్ అయిపోవచ్చింది. మా చర్చిల క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలు నాలుగు కొవ్వొత్తులు ముట్టిస్తరు, ఆదివారానికొకటి. మొదటిది ముట్టిచ్చిన నాడు అయ్యగారు ఎదురుచూపు గురించి చెప్పిండు. రక్షకుడొస్తడని మాటిచ్చినంక దేవుడు వందల ఏండ్లు ఏం మాట్లాడలేదట. ప్రవక్త లేడు, దర్శనం లేదు. తాతలు చూసి చూసి సచ్చిపోయిండ్రు, మనుమలు చూసిండ్రు. "చూసినోళ్లందరికి దొరకలే, గాని చూసుడు ఎవరు ఆపలే" అన్నడు. అమ్మ తలూపుకుంట వింటున్నది. నేను కొవ్వొత్తి దిక్కు చూస్తున్న. లోకంల కిరస్తానోళ్లందరు క్రిస్మస్ రావాలని చూస్తుంటే, రావొద్దు రావొద్దని మొక్కుకున్నది నేనొక్కదాన్నే గావచ్చు. రెండోది ముట్టిచ్చిండ్రు. మూడోది ముట్టిచ్చిండ్రు.

ఆ డిసెంబర్‌ల నాకు మస్తు గిరాకి. సర్కారోళ్లు పంచిన చీరలకు జాకెట్లు, పిల్లలకు గౌన్లు. అన్ని పక్కకు పెట్టి బాపుకు తెల్లంగి కుట్టిన. కుడి చెయ్యి లేవదు గాబట్టి, ఆ దిక్కు చెయ్యి పొడుగునా చీల్చి టిచ్ బటన్లు పెట్టిన. తొడిగేటప్పుడు నొప్పి గావొద్దని. అమ్మ ఆ అంగిని తడిమి చూసి "మంచిగ కుట్టినవ్. గీ అంగి మీదనే చదువుతడు" అన్నది. చెప్పేద్దామని నోరు తెరిచిన. కక్కలేక మింగలేక మళ్ల మూసిన.

క్రిస్మస్ పొద్దున బాపును ఆటోల తీస్కపోయి, ప్లాస్టిక్ కుర్సీల కూసోబెట్టి, చర్చి ముందట వరుసకు తెచ్చినం. రంగు కాయితాలు, పైన నక్షత్రం, అంతటా కొత్త బట్టల వాసన. పాటలైనంక అయ్యగారు లేచి "ఎప్పటి లెక్కనే ఈ పొద్దు వాక్యం చదివేది మన పెద్దాయననే" అన్నడు.

నా పానం పోయింది. అమ్మ అడిగి ఉంటది, అయ్యగారు కాదనలేక పోయి ఉంటడు అనుకున్న. బాపు తొడ మీద పుస్తకం పెట్టిండ్రు. అమ్మ పక్కన కింద కూసొని పుట పట్టుకున్నది. ఒక్కరు దగ్గుతలేరు. బాపు పెదవులు వణుకుతున్నయి, ఒక మూలకెల్లి చొంగ కారుతున్నది. అందరు ఆయన నోరు దిక్కే చూస్తున్నరు. ఆ చూపులన్ని నా మీద రాళ్లు పడ్డట్టు పడుతున్నయి. ఎంత సేపు చూస్తరు? ఆఖరికి ఏమైతది? ఏం కానప్పుడు అమ్మ ముఖం నేనెట్ల చూడాలె?

లేచి నిలబడ్డ. "చదువలేడు!" అని ఒర్లిన. "ఇడిచిపెట్టుండ్రి ఆయనను! గా కార్డు మీద గట్ల లేదు. మాట్లాడుతడని లేదు. నేను అబద్ధం చదివిన. మా అమ్మకు అబద్ధం చదివిన!"

ఎవరో ఒకరు ఆశ్చర్యపోతరనుకున్న. ఎవరు పోలే. ఆడోళ్లు తలలు వంచుకున్నరు. పాస్టరమ్మ నా దిక్కు చూసి, నెమ్మదిగ కండ్లు దించింది. అమ్మ ఎనుకకు తిరిగి గూడ చూడలే.

"కూసో బిడ్డా," అన్నది. "చదువుతున్నడు."

అప్పుడు చూసిన. బాపు ఎడమ చేతి ఏలు పుస్తకం మీద కదులుతున్నది. ఒక్కో మాట కింద ఆగి, కదిలి, మళ్ల ఆగుతున్నది. వరస అయిపోంగనే కింది వరసకు దిగుతున్నది. పుట కొసకు వచ్చినంక టక్కున కొట్టిండు, అక్షరం రాని అమ్మ పుట తిప్పింది. చర్చి అంత కూసొని, ఆయన చదివేదాక ఆగింది. ఎవరికి ఏం వినబడలే. ఒక్క వరస గూడ ఎగరగొట్టలే బాపు. ఆఖరికి ఏలు ఆగింది. అయ్యగారు "ఆమెన్" అన్నడు, అందరు అన్నరు. నేను ఇంకా నిలబడే ఉన్న.

ఇంటికొచ్చినంక అమ్మ బాపుకు తినిపిచ్చుకుంట చెప్పింది, నా దిక్కు చూడకుంటనే.

"నాకు చదువు రాదు గాని చెవులు లేవానే? నలభై ఏండ్ల సంది వింటున్న. ప్రభువు పుట్టిన దినమందు మాట్లాడును అని ఏడున్నదే వాక్యం? నువ్వు చాయ్‌కి పోంగనే మీ బాపుకు చూపిచ్చిన. దీంట్ల గిట్లున్నదట, నిజమేనా అంటె తల అడ్డంగ ఊపిండు. ఒక్క మాట కింద ఏలు పెట్టి, తియ్యకుంట ఉన్నడు. ఇంటికొచ్చినంక శుక్రవారం ఆడోళ్ల కూడికల పాస్టరమ్మ అందరి కార్డులు చదువుతది గదా, నాది గూడ ఇచ్చిన. చదివింది. మీ బాపు ఏలు పెట్టింది 'కనిపెట్టుకొని' అన్న మాట కిందనట."

శుక్రవారం కూడికల కార్డులు చదువుతరని నాకు తెలుసు. చిన్నప్పటి నుంచి తెలుసు. ఏడాదంత ఆ సంగతి నా బుర్రకు తట్టనే లేదు. నోట్ల నువ్వుగింజ నానని ఆడోళ్లు, అంతమంది, ఏడాదంత నాకు తెల్వనియ్యలే.

"మరి నన్ను తిట్టొద్దానే? ఒక్కటి గుద్దొద్దానే? ఏడాదంత క్రిస్మస్‌కు మాట్లాడుతవ్ అని ఆయనతోని ఎందుకన్నవ్?"

అమ్మ బుక్క కలుపుడు ఆపింది.

"గుద్దాలనే అనుకున్న. పదిహేను దినాలు నీ మొఖం చూడబుద్ది కాలే. తర్వాత..." కొంగుతోని బాపు మూతి తుడిచింది. "తర్వాత నాకే ఆశ పుట్టింది. అబద్ధమని తెలుసు. నువ్వు పుట్టిచ్చిందే అని తెలుసు. అయినా పొద్దున లేవంగనే ఆయన నోరు దిక్కు చూసేదాన్ని, ఇయ్యాల ఏమన్న అంటడేమో అని. దేవుడు ఓపిక పట్టమన్నడు, నేను నీ అబద్ధానికి ఆశపడ్డ. గది నా తప్పే. నీకు చెప్తె గా ఆశ గూడ పోతదని చెప్పలే."

నేను ఏడ్సిన. ఏడుసుకుంట బాపు కాళ్ల మీద పడ్డ. ఆయన ఎడమ చెయ్యి నా నెత్తి మీద పెట్టిండు. "ఆ... ఆ..." అన్నడు. ఏమన్నడో ఎవరికి తెలుసు? క్షమిచ్చిన అన్నడని రాస్తె మళ్ల నేను పుట్టిచ్చినట్టే అయితది.

క్రిస్మస్ అయిన నాలుగో నాడు బాపు పోయిండు. పొద్దుటి పూట గంజి తాగి పండుకున్నడు, మళ్ల లేవలే. ఆ తెల్లంగి మీదనే మట్టి చేసినం. టిచ్ బటన్లు నేనే పెట్టిన. ఈసారి నొప్పి ఉండదని తెలిసి గూడ మెల్లగనే తొడిగిన.

మూడు దినాలకు జనవరి ఒకటి. అమ్మ గోడకొరిగి కూసున్నది. "పోయి కార్డు తీస్కరా" అన్నది. నాకు పోబుద్ది కాలే, గాని పోయిన. కండ్లు మూసుకొని తీసిన. ఈసారి ఏం మొక్కుకోలే. బయటికొచ్చి చూసుకుంటె, మీ నోరు నవ్వుతోని నిండుతది అన్నట్టు ఉన్నది. మట్టి ఆరని ఇంటికి గిదేం వాగ్దానం? దారిపొడుగునా అదే ఫికర్. ఓదార్పు మాట ఒకటి చదువుదామా? మళ్ల లేస్తడు, చూస్తవు అని చదువుదామా? నాలుక మీద మాటలు వాటంతటవే తయారైతున్నయి, కొసకు "ను" తోని సహా.

గడప దాటంగనే అమ్మ అన్నది: "ఉన్నది ఉన్నట్టు చదువు."

ఉన్నది ఉన్నట్టే చదివిన. అమ్మ ఖాళీ మంచం దిక్కు చూసింది.

"ఎప్పుడట?"

"ఎప్పుడో రాయలేదమ్మా."

"నిజమేనా?"

"నిజమే."

ఒట్టు పెట్టొద్దు, పాపం అని నన్ను పెంచింది ఆమెనే. ఆ పొద్దు బాపు చదివే బైబిల్ తెచ్చి నా ముందట పెట్టింది. దాని మీద చెయ్యి వేసి నిజమన్న. అమ్మ కార్డు తీసుకొని క్యాలెండర్ అంచుకు, పాతదాని పక్కన పెట్టింది. పాతది తియ్యలే.

శుక్రవారం నాడు అమ్మ కొత్త కార్డు కొంగున కట్టుకొని పాస్టరమ్మ దగ్గరికి పోయింది, మళ్ల చదివిచ్చుకుందామని. కోపిష్టిదాన్ని, మామూలుగ అయితె ఇల్లు పీకి పందిరేసేదాన్ని. ఆ నాడు మిషన్ మీద కూసొని ఆమె సందు మలుపు దాటేదాక చూసిన. ఉన్నది ఉన్నట్టు చదివే మనిషి మా ఇంట్ల ఒక్కడే ఉండె.